సరిహద్దు జిల్లాల్లో పోలీసు సహాయకులకు ఏ అర్హతలు ఉండాలి?

సంపాదక మహోదయులకు నమస్కారములు.

ఒడిశాలోని రాయగడ జిల్లాలో, వంశధార ఒడ్డున ఉన్న మా గుణుపురంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ పోలీసులకు సహాయకులుగా చేరాలనుకునే తెలుగు యువకులు ఈమధ్య ఎక్కువయ్యారు. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్నవారు కావడంవల్ల ధ్రువపత్రాల కట్టలు పట్టుకుని సలహా కోసం మా ఇంటికే వస్తుంటారు. “మాస్టారూ, పదో తరగతి తప్పినా తీసుకుంటారటగదా?”, “ఒడియా రాయడం రాకపోతే కుదరదంటున్నారు, నిజమేనా?”, “ఆంధ్రాలో వాలంటీర్లకు నెలకు అయిదువేలు ఇచ్చారు, ఇక్కడా అంతేనా?” అన్నవి వాళ్లు సాధారణంగా అడిగే ప్రశ్నలు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో మొదలైన గ్రామ వాలంటీర్ల పనికీ పోలీసు పనికీ సంబంధం లేదని చెబితే సగంమంది నమ్మరు. అర్హతల గురించి ఇంత అయోమయం ఉండటానికి కారణం యువకుల అమాయకత్వం ఒక్కటే కాదని, ఆ అర్హతలను నిర్ణయించిన తీరులోనే లోపాలున్నాయని నాకు తోచింది. మీ పత్రిక సరిహద్దుకు ఇటువైపు కూడా చదువరులున్న పత్రిక గనుక, ఆ లోపాలను మీ ద్వారా అధికారుల దృష్టికీ మావాళ్ల దృష్టికీ తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను.

మొదట ఎవరెవరో విడదీసి చెప్పుకోవాలి. ఖాకీ బట్టలు వేసుకుని కూడలిలో ఈల ఊదే ప్రతి మనిషినీ మనం పోలీసనే అంటాం గాని, వారిలో హోంగార్డులుంటారు, పల్లెల్లో గ్రామ రక్షులుంటారు, అవసరాన్నిబట్టి కొద్దికాలానికి నియమించే ప్రత్యేక పోలీసు అధికారులు, అంటే మనం ఎస్పీవోలు అని పిలిచేవారు ఉంటారు. ఒడిశాలో హోంగార్డులకు 1961 నాటి చట్టం, గ్రామ రక్షులకు 1967 నాటి చట్టం ఆధారాలు. ఎస్పీవోలకు ఆధారం వీటన్నిటికంటె పాతదైన 1861 నాటి పోలీసు చట్టం. ఒక్కొక్కరి అర్హత వేరు, అధికారం వేరు, భత్యం వేరు. ఈ తేడా తెలియకుండా దరఖాస్తు పెట్టేవారు చాలామంది ఉన్నారు. తేడా తెలిసి కూడా చెప్పకుండా “నేను చూసుకుంటాను” అని డబ్బు అడిగేవారు అంతకంటె ప్రమాదకరమైనవారు.

వీటిలో అన్నిటికంటె తక్కువ అర్హత అడిగేది ఎస్పీవో నియామకమే. 1861 చట్టం పదిహేడో సెక్షను ప్రకారం ఎక్కడైనా అల్లర్లు జరిగి గాని, జరుగుతాయన్న అనుమానం కలిగి గాని, ఉన్న పోలీసు బలం వాటికి సరిపోదనిపిస్తే, ఇనస్పెక్టరు హోదాకు తగ్గని అధికారి దగ్గరలోని మేజిస్ట్రేటును కోరవచ్చు. కాదనడానికి తగిన కారణం కనిపిస్తే తప్ప మేజిస్ట్రేటు ఆ ప్రాంతపు నివాసుల్లోనుంచి కావలసినంతమందిని కొంతకాలానికి, కొంత హద్దుకు లోబడి, ప్రత్యేక పోలీసు అధికారులుగా నియమిస్తాడు. వయసెంత ఉండాలో ఆ సెక్షను చెప్పదు. చదువు గురించి, పాత కేసుల గురించి, శిక్షణ గురించి అందులో ఒక్క మాట లేదు. ఆ చుట్టుపక్కల నివసించేవాడై ఉండటం ఒక్కటే అర్హత. తరువాతి సెక్షను మాత్రం అలా నియమితుడైనవాడికి మామూలు పోలీసు అధికారికి ఉండే అధికారాలు, రక్షణలు, బాధ్యతలు అన్నీ ఉంటాయంటుంది. ఆపై సెక్షను సరైన కారణం చూపకుండా పనికి రానంటే యాభై రూపాయల వరకు జరిమానా అంటుంది. అంటే చట్టం దృష్టిలో ఇది స్వచ్ఛందం కూడా కాదు. ఇష్టపడి వెళ్లేవాడూ, పిలిస్తే వెళ్లక తప్పనివాడూ ఒకే గాటన కట్టబడ్డారు.

నూట అరవై ఏళ్లనాటి ఆ చట్టాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. పరాయి ప్రభుత్వం తన అవసరానికి రాసుకున్న ఆ సెక్షనులో కూడా ఒక ఇంగితం ఉంది. ఊరి గొడవను చల్లార్చడానికి ఆ ఊరివాడే కావాలన్నది దాని లెక్క. ఎవరి మాట ఎవరు వింటారో, ఏ వీధికి ఏ వీధితో పడదో, ఏ ఇంటి పెద్దను పిలిస్తే గుంపు వెనక్కి తగ్గుతుందో తెలిసినవాడు ఆ పొరుగువాడే. అయితే ఆ ఒక్క గుణం చూసి ఒక మనిషి చేతికి పూర్తి పోలీసు అధికారం ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న 1861లో ఎవరూ అడగలేదు. అడగవలసినవారు నూట యాభై ఏళ్ల తరువాత అడిగారు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని సిరొంచ ప్రాంతపు తెలుగువారికి చట్టం ఇంకొకలా వర్తిస్తుంది. అక్కడ 1951 నాటి పోలీసు చట్టం ఇరవై ఒకటో సెక్షను 18 నుంచి 50 ఏళ్లలోపు వయసున్న, దేహదారుఢ్యం గల, తగినవాడని అధికారి భావించిన పురుషుణ్ణి ఎస్పీవోగా నియమించవచ్చునంటుంది. వయసు హద్దు పెట్టడం మేలే. మరి ‘పురుషుణ్ణి’ అని ఎందుకు కట్టడి చేశారో నాకు అర్థం కాదు. సిరొంచ దగ్గర ప్రాణహితలో పుష్కరాలు వస్తే స్నానాల రేవుల్లో సగానికి పైగా ఉండేది ఆడవాళ్లు. 2022లో అక్కడికి రెండు వైపులనుంచీ జనం వచ్చారు. 2027లో గోదావరి పుష్కరాలు రానున్నాయి. 2015 జూలై 14న, గోదావరి పుష్కరాల మొదటి రోజునే, రాజమహేంద్రవరం రేవులో తొక్కిసలాట జరిగి 27 మంది చనిపోయిన సంగతి మనవాళ్లు మరచిపోలేదు. బట్టలు మార్చుకునే గదుల దగ్గర, పసిపిల్లల తల్లుల దగ్గర, ఊపిరాడక పడిపోయిన ముసలమ్మ దగ్గర నిలబడవలసిన సహాయకులు ఆడవాళ్లే కావాలన్నది ఇంగితజ్ఞానం. హోంగార్డుల్లో స్త్రీలను తీసుకుంటున్నారు గనుక అక్కడ కొంత సర్దుబాటు జరుగుతున్నది. ఎస్పీవో సెక్షను మాత్రం అలాగే ఉండిపోయింది.

ఇక చదువు సంగతి. దీనిమీద కొంచెం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే మా జిల్లాలో చాలామంది పెద్దమనుషులు కూడా “పోనీ అయిదో తరగతి చాలంటే మన పిల్లలకు, కొండమీది పిల్లలకు మంచిదేగా” అంటున్నారు. ఛత్తీస్‌గఢ్‌లో సరిగ్గా అదే జరిగింది. 2007లో ఆ రాష్ట్రం చేసుకున్న పోలీసు చట్టం ప్రకారం జిల్లా ఎస్పీ ఎవరినైనా ఎస్పీవోగా నియమించవచ్చు. అయిదో తరగతి చదివినవారికి ప్రాధాన్యమిచ్చారు. వారికి రెండు నెలల శిక్షణ ఇచ్చి, నెలకు మూడువేల రూపాయల గౌరవవేతనంమీద, తుపాకులు చేతికిచ్చి మావోయిస్టులమీదికి పంపారు. వారిలో అత్యధికులు ఆదివాసీ యువకులు. 2011 జూలై 5న సుప్రీంకోర్టు ధర్మాసనం, జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డిగారు, జస్టిస్ ఎస్.ఎస్. నిజ్జర్‌గారు, ఈ నియామకాలు రాజ్యాంగంలో సమానత్వానికీ ప్రాణరక్షణకూ హామీ ఇచ్చే 14, 21 అధికరణలకు విరుద్ధమని తీర్పు చెప్పారు. ఆ తీర్పు చెప్పిన పెద్దల్లో ఒకరు మన తెలుగువారే కావడం యాదృచ్ఛికమే గాని, చెప్పుకోదగిన సంగతే.

ఆ తీర్పును “అర్హత పెంచాలి” అన్న ఒక్క ముక్కగా చదివితే పొరపాటు. అంత తక్కువ చదువుతో, అంత తక్కువ శిక్షణతో ఒక యువకుణ్ణి ప్రాణాపాయమున్న పనిలోకి దింపితే, అతడు తన ఇష్టంతోనే ఒప్పుకున్నాడని చెప్పడానికి వీల్లేదన్నది కోర్టు పట్టుకున్న కీలకం. చట్టమేమిటో, తన అధికారమెంతవరకో, తుపాకీ ఎప్పుడు పేల్చవచ్చునో, ఎప్పుడు పేల్చకూడదో చదివి అర్థం చేసుకోలేనివాడి సంతకం సమ్మతి అనిపించుకోదు. మరోవైపు, అటువంటివాడి చేతిలో అధికారం పెడితే ఇతరుల ప్రాణాలకూ భద్రత ఉండదు. తక్కువ అర్హత పెట్టడం పేదవాడిమీద దయ అనుకునేవారు ఈ రెండు వైపులూ చూడాలి. కోర్టు ఇక్కడ ఇంకో మేలు కూడా చేసింది. ప్రకృతి వైపరీత్యాల్లో జనానికి తోడ్పడటం, జనాన్నీ వాహనాలనూ క్రమంగా నడిపించడం అన్న పనులకు ఎస్పీవోలను వాడుకోవచ్చునని దారి వదిలింది. ఆ ఏడాదిలోనే ఆ ఆదేశాలను ఛత్తీస్‌గఢ్‌కు పరిమితం చేసినా, అందులోని తర్కం మల్కనగిరికి, కోరాపుట్‌కు, రాయగడకు వర్తించదని ఎవరూ అనలేరు. అడవీ, పేదరికమూ, నిరుద్యోగమూ రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోవు కదా.

అందుచేత నా అభిప్రాయం ఇది. పోలీసు సహాయకుడి చేతికి తుపాకీ ఇవ్వకూడదు. తుపాకీ లేని పనికి కూడా పదో తరగతి కనీసపు చదువుగా ఉండాలి, లేదా చదువు తక్కువైనవారికి మొదట చదువు చెప్పించి తరువాత తీసుకోవాలి. కొండ గ్రామాల నుంచి వచ్చే సవర, కోయ, కొంధ యువకులకు ఈ రెండో దారి తెరిచి ఉంచడం న్యాయం. 2024 జూలై 1 నుంచి శిక్షాస్మృతి, నేర విచారణ చట్టం, సాక్ష్య చట్టం మూడూ మారిపోయాయి. పాత సెక్షను నంబర్లు నోటికొచ్చిన పోలీసులకే కొత్తవి పలకడం ఇంకా అలవాటు కాలేదు. అటువంటప్పుడు ప్రాథమిక చదువుతో వచ్చినవాడికి రెండు నెలల్లో ఏం నేర్పగలం?

మహారాష్ట్రలో ఈమధ్య హోంగార్డుల నమోదుకు పెట్టిన షరతులు చూడండి. పదో తరగతి పాసై ఉండాలి, వయసు 20 నుంచి 50 ఏళ్ల మధ్య ఉండాలి. పురుషులకు 162 సెంటీమీటర్ల ఎత్తు, స్త్రీలకు 150 సెంటీమీటర్ల ఎత్తు, పురుషులకు 76 సెంటీమీటర్ల ఛాతీ, ఊపిరి పీలిస్తే మరో అయిదు సెంటీమీటర్ల పెరుగుదల కావాలి. మగవారు 1600 మీటర్లు, ఆడవారు 800 మీటర్లు పరుగెత్తాలి. చదువు విషయంలో అది సరైన నిర్ణయమే. కొలతల సంగతిలోనే నాకు పేచీ ఉంది. కేంద్ర హోంశాఖ చెప్పే ప్రకారం హోంగార్డుల్లో డాక్టర్లు, ఇంజనీర్లు, వకీళ్లు, కాలేజీ విద్యార్థులు, రైతు కూలీలు, కార్మికులు, ఇలా అన్ని వృత్తులవారూ ఉండాలి. వారు తమ తీరిక వేళలను సంస్థకు ఇస్తారు. 18 నుంచి 50 ఏళ్లలోపు పౌరులెవరైనా అర్హులే, సభ్యత్వం మామూలుగా మూడు నుంచి అయిదేళ్లు. తుపాను వచ్చినప్పుడు ముసలివాళ్లను పాఠశాల భవనంలోకి చేర్చడానికి, నీళ్లలో మునిగినవాడికి ఊపిరి పోయడానికి, జాతరలో తప్పిపోయిన పిల్లవాడిని ఊరుకోబెట్టడానికి 162 సెంటీమీటర్లు దేనికి? నలభై ఏళ్ల ఆర్‌ఎంపీ డాక్టరు, ఈత బాగా వచ్చిన జాలరి యువకుడు ఈ కొలతకర్ర దగ్గరే వెనక్కి తిరిగిపోతారు. పోలీసు కానిస్టేబులు ఎంపికకు వాడే కొలమానాన్నే కొంచెం తగ్గించి సహాయకుడికీ తగిలించడం సోమరి ఆలోచన. ఆరోగ్యం చాలు, కంటిచూపు చాలు, కిలోమీటరు దూరం ఆయాసపడకుండా నడవగలిగితే చాలు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు గజపతి జిల్లా కొండచరియలు విరిగిపడి ఎంత నష్టం జరిగిందో మా ప్రాంతంవారికి తెలుసు. అప్పుడు దారులు మూసుకుపోయిన ఊళ్లలో మొదట సహాయానికి వచ్చింది పక్క ఊరివారే. బయటినుంచి దళం వచ్చేలోగా చెట్టు కొట్టి దారి తీసింది కూడా వారే. అర్హతల పట్టీలో ఈత, ప్రథమ చికిత్స, గొడ్డలి రంపం పట్టిన అనుభవం అని మూడు గీతలు చేర్చి, వాటికి ఎత్తు కంటె ఎక్కువ మార్కులు పెడితే ప్రభుత్వానికి పైసా ఖర్చు ఉండదు.

ఇప్పుడు అసలు మాటకు వస్తాను. సరిహద్దు జిల్లాల్లో పోలీసు సహాయకుడికి అన్నిటికంటె ముఖ్యమైన అర్హత జనం మాట్లాడే భాషలు రావడం. గుణుపురం సంతకు వెళ్తే ఒడియా, తెలుగు, సవర మూడూ వినిపిస్తాయి. రాయగడలో వీటికి కువి, కుయి తోడవుతాయి. బరంపురం పాత వీధుల్లో ఇళ్లలో తెలుగు, కొట్టులో ఒడియా. రాయగడ మజ్జిగౌరమ్మ గుడికి చైత్రమాసంలో పార్వతీపురం, విజయనగరం, శ్రీకాకుళం వైపునుంచి వచ్చే భక్తులకు ఒడియా రాదు. బందోబస్తుకు పశ్చిమ ఒడిశా నుంచి వచ్చిన కానిస్టేబులుకు తెలుగు రాదు. లైను తప్పిందని ఆయన కేకవేస్తే తననెందుకు తిడుతున్నాడో తెలియక ఆడమనిషి బెదిరిపోతుంది, పక్కనున్న కొడుక్కి కోపం వస్తుంది, చిన్న తోపులాట మొదలవుతుంది. అక్కడ రెండు భాషలూ వచ్చిన సహాయకుడొకడు నిలబడి “అమ్మా, ఇటు రండి” అంటే ఆ గొడవ పుట్టదు. ఇంత చిన్న విషయానికి ఏ అర్హతల పట్టీలోనూ మార్కులు లేకపోవడం నాకు వింతగా తోస్తుంది.

గుడి బందోబస్తు కంటె బరువైనది స్టేషను గడప. ఫిర్యాదుదారు నోటితో చెప్పిన సమాచారాన్ని పోలీసు అధికారి రాసుకుని తిరిగి ఆ ఫిర్యాదుదారుకు చదివి వినిపించాలన్నది పాత నేర విచారణ చట్టం 154వ సెక్షనులోనూ కొత్త చట్టం 173వ సెక్షనులోనూ ఉన్న నియమం. తెలుగులో చెప్పిన గోడు ఒడియాలో రాసి, ఒడియాలో చదివి వినిపిస్తే ఆ నియమం అక్షరాలా పాటించినట్టే, అర్థంలో పాటించనట్టే. భర్త కొట్టాడని వచ్చిన మనిషి కాగితంలో ‘మాటామాటా పెరిగింది’ అని ఉంటే ఆమెకు ఎలా తెలుస్తుంది? స్టేషనుకు ఒక్క హోంగార్డయినా, ఆమెకు అర్థమయ్యే భాష మాట్లాడే మనిషి, అందులోనూ స్త్రీ ఉంటే, ఇలాంటి కాగితాలు సగానికి సగం సరిగ్గా రాస్తారు. ఈ పనికి లాఠీ అక్కరలేదు, పరుగు అక్కరలేదు.

భాషా విషయంలో కొత్త హక్కులేమీ నేను అడగడం లేదు. 1956లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ తరువాత కేంద్రం విడుదల చేసిన మెమొరాండంలోనూ, ఆ తరువాత 1961లో ముఖ్యమంత్రుల సమావేశంలోనూ ఒప్పుకున్న రక్షణలు ఉన్నాయి. రాష్ట్ర సర్వీసుల్లో చేరే ముందే అధికార భాష వచ్చి ఉండాలని పట్టుబట్టకూడదు, చేరిన తరువాత ప్రొబేషను ముగిసేలోగా నేర్చుకుని పరీక్షలో నెగ్గితే చాలు. జిల్లాలోగాని, అంతకంటె చిన్న ప్రాంతంలోగాని పదిహేను శాతానికి తగ్గకుండా ఒక భాషవారు ఉంటే ముఖ్యమైన ప్రభుత్వ ప్రకటనలు, నియమాలు ఆ భాషలోనూ ప్రచురించాలి. రాజ్యాంగం 350వ అధికరణ ఏ పౌరుడైనా తన కష్టాన్ని ఆ రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారికి విన్నవించుకోవచ్చునంటుంది. 350బి అధికరణ ఈ రక్షణలను చూసే ప్రత్యేకాధికారిని ఏర్పరుస్తుంది. హోంగార్డు సభ్యత్వం ప్రభుత్వోద్యోగం కాదు గనుక ఆ రక్షణ అచ్చంగా వర్తించదని ఎవరైనా వాదించవచ్చు. ఉద్యోగానికే పట్టుబట్టకూడదన్నప్పుడు స్వచ్ఛంద సేవకు పట్టుబట్టడం ఇంకా అన్యాయమన్నది నా జవాబు.

అలాగని ఒడియా అక్కరలేదని నేను అనడం లేదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైననాటి నుంచి మా తాతలు, తండ్రులు ఇక్కడే బతికారు, ఒడియా నేర్చుకున్నారు, మేమూ నేర్చుకున్నాం. మన పిల్లల్లో కొందరు ఒడియా రాయడానికి బద్ధకించడం నేను చూస్తూనే ఉన్నాను. స్టేషను డైరీ ఒడియాలో ఉంటుంది, కోర్టు కాగితం ఒడియాలోనో ఇంగ్లీషులోనో ఉంటుంది. సహాయకుడు ఆ కాగితం చదవలేకపోతే మోసపోతాడు, ఇతరుల్నీ మోసగిస్తాడు. కాబట్టి ఒడియా మాట్లాడగలగడం, చదవగలగడం అవసరమే. రాత పరీక్షలో ఒడియా వ్యాసం అడగడం మాత్రం అనవసరం. తెలుగు, సవర, కువి లాంటి స్థానిక భాషల్లో ఒకటైనా వచ్చినవారికి ప్రత్యేక మార్కులుంటే చాలు.

భాష కంటె తక్కువ మాటల్లో చెప్పదగినవి మరికొన్ని ఉన్నాయి. ఏదైనా పార్టీలో పదవి ఉన్నవారిని, సారా వ్యాపారంతోనో ఇసుక రవాణాతోనో సంబంధమున్నవారిని తీసుకోకూడదు. దీనికి రాతపూర్వకమైన ప్రకటన తీసుకోవాలి, తరువాత అబద్ధమని తేలితే తొలగించాలి. కేసుల పరిశీలన పొరుగు రాష్ట్రపు స్టేషనులో కూడా జరగాలి. ఇక్కడినుంచి నౌపడా రైలెక్కితే కొద్ది గంటల్లో శ్రీకాకుళం జిల్లాలో ఉంటాం, అక్కడ నమోదైన కేసు ఇక్కడి రికార్డులో కనిపించదు. నివాస ధ్రువపత్రం అడిగేటప్పుడు పనికోసం విశాఖకో హైదరాబాదుకో వెళ్లి తిరిగొచ్చినవారిని బయటివారిగా చూడకూడదు. వలసలేని ఇల్లు మా ప్రాంతంలో వెతికినా దొరకదు.

డబ్బు సంగతి చెప్పకుండా అర్హతల చర్చ పూర్తికాదు. తీరిక వేళ సేవ అన్నది కాగితంమీది ఆశయం. అసలు జరిగేది హోంగార్డు రోజంతా డ్యూటీ చేయడం. 2015 మార్చి 11న హిమాచల్ ప్రదేశ్ హోంగార్డుల కేసులో సుప్రీంకోర్టు వారిని ప్రభుత్వోద్యోగులుగా క్రమబద్ధీకరించడానికి ఒప్పుకోలేదు గాని, నెలకు ముప్ఫై రోజుల భత్యం కలిపితే ఆ రాష్ట్ర పోలీసు సిబ్బందికి వచ్చే కనీస వేతనానికి తగ్గకుండా ఉండాలని చెప్పింది. మహారాష్ట్రలో 2024లో రోజు భత్యాన్ని 570 రూపాయల నుంచి 1,083 రూపాయలకు పెంచారు. భత్యం పెరిగినకొద్దీ పోటీ పెరుగుతుంది, పోటీ పెరిగినకొద్దీ దళారుల పేరాశ పెరుగుతుంది. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రవాడి దగ్గర ఎవరో పెద్దమొత్తం తీసుకున్నారని అతడి తల్లి చెబితే, ఆ డబ్బు తిరిగి రాబట్టడానికి కుటుంబం పడిన అగచాట్లు చూశాను. ఎంపిక పట్టీని, మార్కులతో సహా, స్టేషను గోడమీద అతికిస్తే ఇటువంటి వ్యాపారం చాలావరకు ఆగుతుంది.

ఎవరైనా అడగవచ్చు: ఏ అర్హతా లేకుండానే పౌరుడికి కొంత అధికారం ఉందిగదా, మళ్లీ ఇన్ని షరతులెందుకు అని. నిజమే. కొత్త నేర విచారణ చట్టమైన నాగరిక సురక్షా సంహిత నలభయ్యో సెక్షను ప్రకారం తన కళ్లముందు తీవ్రమైన, వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు పొందలేని నేరం చేసినవాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు, అయితే ఆరు గంటల్లోగా పోలీసుకు అప్పగించాలి. మామూలు పౌరుడికి ఆ గడువు కట్టడి ఉంది. యూనిఫారం వేసుకున్న సహాయకుణ్ణి జనం పోలీసుగానే చూస్తారు, అతడు చేయి పట్టుకుంటే అరెస్టు అనుకుంటారు. అతడి అధికారం కాగితంమీద ఎంత చిన్నదైనా, జనం దృష్టిలో అది పెద్దదే. ఆ తేడా వల్లనే అర్హతలు, శిక్షణ, పర్యవేక్షణ అవసరమవుతాయి. శిక్షణ పూర్తయ్యేవరకు యూనిఫారం ఇవ్వకపోవడం, ఇచ్చాక రొమ్ముమీద పేరు, ‘సహాయకుడు’ అన్న హోదా ఒడియాలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాల్లో ఉండటం కనీసపు జాగ్రత్తలు.

రాయగడ, గజపతి, కోరాపుట్, గంజాం జిల్లాల కలెక్టర్లకూ ఎస్పీలకూ నేను విన్నవించేది ఇంతే. ఈసారి హోంగార్డుల, గ్రామ రక్షుల నమోదుకు ప్రకటన ఇచ్చినప్పుడు దాని తెలుగు ప్రతిని బ్లాకు ఆఫీసు, స్టేషను, సంత మైదానం నోటీసు బోర్డులమీద పెట్టించండి. చదువు, వయసు, భత్యం, వ్యవధి, కావలసిన ధ్రువపత్రాలు, ఎంపిక మార్కుల పట్టీ అందులో విడివిడిగా ఉండాలి. దరఖాస్తుకు ఏ రుసుమూ లేదన్న వాక్యం పైన మొదటి వరుసలో ఉండాలి. గోపాలపురం వైపు సముద్రతీరం ఊళ్లలోనైతే ఈత వచ్చినవారికి ప్రాధాన్యమని స్పష్టంగా రాయండి. సిరొంచలో మరాఠీ ప్రకటనకు తోడు తెలుగు ప్రతి కోసం అక్కడి తెలుగు పాఠశాలల ఉపాధ్యాయులు ముందుకొచ్చి జిల్లా యంత్రాంగానికి సహాయపడవచ్చు. అనువదించి ఇవ్వడానికి గుణుపురంలో నాబోటి ఖాళీగా ఉన్న విశ్రాంత ఉపాధ్యాయులు కొందరం సిద్ధంగా ఉన్నాం, దానికి మాకేమీ భత్యం అక్కరలేదు.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం జిల్లా పేజీల్లో సరిహద్దు అవతలి ఉద్యోగ ప్రకటనలకు ఒక మూల కేటాయించండి. రాయగడ జిల్లా ప్రకటన ఒడియా పత్రికలో వచ్చిన రోజునే తెలుగులో మీ పేజీలో వస్తే, మా పిల్లలు అర్హత తెలుసుకోవడానికి దళారి గడప ఎక్కవలసిన అవసరం ఉండదు.

భవదీయుడు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
గుణుపురం, రాయగడ జిల్లా, ఒడిశా.